లక్క పళ్లేలలో మిగిలిన ఎడమచేతి విద్య

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో అమెరికా దక్షిణ రాష్ట్రాల కలప శిబిరాలలోనూ, రైలు మార్గాల వెంబడి వెలసిన సారా కొట్లలోనూ నల్లజాతి పియానో వాద్యకారులు పెంపొందించి, పిమ్మట షికాగో వంటి నగరాలకు తీసుకువచ్చిన బ్లూస్ వాదన పద్ధతికి బూగీ-వూగీ అని పేరు. ఈ విద్య వినికిడి ద్వారానే చేతులు మారింది. కనుక దాని తొలి రూపానికి ఆధారంగా మిగిలినవి ప్రధానంగా 1920ల నాటి 78 వేగపు రికార్డులే, అంటే నిమిషానికి దాదాపు 78 చుట్లు తిరిగేవే.

దీని ప్రాణం ఎడమచేతిలో ఉంది. నాలుగు లెక్కల ఆవర్తానికి ఎనిమిది మోతల చొప్పున ఒకే మంద్ర స్వరపంక్తిని ఎడమచేయి విడవకుండా తిప్పుతూ, పన్నెండు ఆవర్తాల బ్లూస్ చట్రంలో షడ్జం నుంచి మధ్యమానికి, అక్కడి నుంచి మళ్లీ షడ్జానికి, ఆపై పంచమానికి ఆధారాన్ని మారుస్తూ తిరిగి ఇల్లు చేరుతుంది. కుడిచేయి దానితో నిమిత్తం లేనట్లు స్వేచ్ఛగా విహరిస్తుంది. పియానో వాద్యకారుడు మీడ్ లక్స్ లూయిస్ రైలు నడకను అనుకరించిన ‘హాంకీ టాంక్ ట్రెయిన్ బ్లూస్’లో కుడిచేయి తిశ్రపు విరుపులతో ఎడమచేతి నడకను పదేపదే అడ్డగించడం ఇందుకు చక్కని ఉదాహరణ. బ్లూస్ గాయకులు పలికే గాంధారం సుమారుగా సాధారణ, అంతర గాంధారాల నడుమ నిలుస్తుంది. వీణపై తీగను లాగి తెచ్చుకోగల అటువంటి స్వరం మెట్ల వాద్యమైన పియానోలో లేదు కాబట్టి, వాద్యకారుడు పక్కపక్కనున్న రెండు మెట్లను దాదాపు ఒకేసారి నొక్కి, లేదా నల్ల మెట్టు మీది నుంచి తెల్ల మెట్టు మీదికి వేలిని జార్చి, చెవికి ఆ భ్రమ కల్పిస్తాడు.

1925కు పూర్వం కొమ్ము గొట్టంతో ధ్వనిని పట్టిన రికార్డింగులలో పియానో మంద్రస్థాయి సరిగా నిలిచేది కాదు. మైక్రోఫోన్ వచ్చాకనే ఎడమచేయి వినిపించసాగింది. లూయిస్ తన రైలు పాటను 1927 డిసెంబరులో పారమౌంట్ సంస్థకు వాయించగా, బూగీ-వూగీ అన్న పేరును ప్రచారంలోకి తెచ్చిన పైన్‌టాప్ స్మిత్ రికార్డు 1928 డిసెంబరులో షికాగోలో తయారైంది. ఆ తరువాత మూడు నెలలైనా గడవకముందే స్మిత్ ఒక నృత్యశాలలో తుపాకి గుండుకు బలయ్యాడు. పారమౌంట్ నిజానికి విస్కాన్సిన్‌లో గ్రామఫోన్ పెట్టెలు కూడా చేసే ఒక కుర్చీల కంపెనీకి అనుబంధ వ్యాపారం. గ్రామఫోన్ పెట్టెలు చేసేవారు రికార్డులూ చేయబూనితే నాసిరకం సరుకు రావడంలో ఆశ్చర్యం లేదు. ఆ సంస్థ మాతృకలైన లోహపు పళ్లేలు చాలావరకు నశించడంతో, ఇంటింటా వాడి వదిలేసిన ప్రతులే మూలాలయ్యాయి. ఏకైక తాళపత్ర ప్రతి నుంచి కావ్యాన్ని పరిష్కరించే పండితుని స్థితే ఇక్కడి సేకర్తది.

షెల్లాక్ రికార్డులనే ఈ 78 వేగపు రికార్డులలో బంధకం లక్క. అందులో అధికభాగం భారతదేశపు అడవుల నుంచే ఓడలెక్కింది. రెండో ప్రపంచ యుద్ధం వల్ల 1942లో అమెరికాలో లక్క వాడకంపై ఆంక్షలు వచ్చినప్పుడు పాత రికార్డులను సేకరించి కొత్తవాటి కోసం పొడిచేశారు. వడ్రంగులు చెక్కకు పూసే పాలిష్ స్పిరిట్‌లో కరిగించిన లక్కే కనుక, ఆల్కహాల్ కలిసిన ద్రవంతో ఈ రికార్డును తుడిస్తే గాడులే కరిగిపోతాయి. అనుభవజ్ఞుడైన సేకర్త లేబుల్ మీది పేరు కంటే మాట్రిక్స్ సంఖ్యను, అంటే ఆ వాదనకు సంస్థ వేసుకున్న గుర్తును నమ్ముతాడు. ఉక్కు సూది అరగదీసిన గాడిలో ఇంకా చెడని లోతును వెతికి, అక్కడికి సరిపోయే మొన గల సూదిని ఎంచుకుంటాడు. రికార్డును తిప్పవలసిన అసలు వేగం నిర్ణయించడం మరింత చిక్కు, ఎందుకంటే సరైన శ్రుతిని చెప్పవలసిన పియానోయే తరచు శ్రుతి తప్పి ఉండేది.

ఈ శ్రమ పాత వస్తువుల మోజు కాదనడానికి రికార్డు నిర్మాత జాన్ హామండ్ ఉదంతం చాలు. లూయిస్ పాత రికార్డు విని అతని కోసం ఏళ్ల తరబడి వెదికిన హామండ్, 1935లో షికాగోలో కార్లు కడుగుతున్న ఆ కళాకారుణ్ణి కనుగొని మళ్లీ రికార్డు చేయించాడు. 1938 డిసెంబరులో కార్నెగీ హాలులో తోటి పియానో వాద్యకారులు ఆల్బర్ట్ ఆమన్స్, పీట్ జాన్సన్‌లతో పాటు అతణ్ణి వేదికనెక్కించాడు. లూయిస్, ఆమన్స్ ఇద్దరికీ స్ఫూర్తి అయిన జిమ్మీ యాన్సీ మాత్రం బేస్‌బాల్ మైదానంలో పచ్చిక చూసుకుంటూ బతికి, 1939లో గాని తొలి రికార్డు చేయలేదు. ఏ శ్రుతిలో వాయించినా చివరకు ఈ-ఫ్లాట్ అనే స్వరస్థానానికి వచ్చి ముగించడం అతని అలవాటు. ఒక్క రికార్డే విన్నవారికి అది తప్పులా తోస్తుంది. నాలుగైదు పక్కపక్కన పెట్టి విన్నవారికి అది అతని సంతకమని తెలుస్తుంది.