పలకనెరిగిన పదును

చేవగల టేకునకొక ఉలి, మెత్తని చెక్కకొక ఉలి, నునుపు దీర్చుటకింకొకటి యని తన సంచిలో వేరువేరుగ దాచుకొని, పనికి కూర్చుండుటకు ముందు ప్రతిదానిని సానరాతిపై నూరి గోటిపై పదును చూచుకొను మన వడ్రంగి, కొయ్య స్వభావమును బట్టి పనిముట్టు మారవలెను గాని పనిముట్టును బట్టి కొయ్య మారదను ధర్మమును మాటలలో చెప్పకయే బోధించెను. నేడు ఉలి స్థానమున నిమిషమునకు 18,000 చుట్లు తిరుగు రౌటరు, దానికి బిగించు కోతముక్కయగు బిట్టు వచ్చినవి. దూలము స్థానమున ప్లైవుడ్, ఎం.డి.ఎఫ్., ఆక్రిలిక్ పలకలు వచ్చినవి. ఆ ధర్మము మాత్రము మారలేదు.

ప్లైవుడ్డును వట్టి కొయ్య యని తలచుట పొరపాటు. ఒక పొర నార నిలువుగను, మరియొక పొర నార అడ్డముగను ఉండునట్లు పేర్చి, జిగురు పట్టించి, వేడిమితో నదిమి చేసిన ఆ పలకలో బిట్టు అంచును అరగదీయునది కొయ్యకంటె గట్టిపడిన ఆ జిగురే. మెత్తని కొయ్యలో చక్కగ సాగు హైస్పీడ్ స్టీలు ఇచట త్వరలోనే మొద్దువారును. టంగ్‌స్టన్ కార్బైడు చిరకాలము తాళుకొనును. అయితే అది కఠినమైనంత పెళుసు గూడ. చేజారి నేలపై పడినచో అంచు పెచ్చులూడును.

పిదప విచారింపవలసినది బిట్టుపై మెలితిరిగిన గాడి పోకడ. అప్‌కట్ బిట్టు పొట్టును పైకి లాగి, పలకలో కోసిన గాడిని శుభ్రముగ నుంచును గాని పైపొరను చీల్చును. డౌన్‌కట్ పైపొరను అదిమి నున్నగ కోయును గాని పొట్టును గాడిలో కూరును. ఇరువైపుల మైకా అతికించిన పలకకు ఈ రెండు గుణములను కలిపిన కంప్రెషన్ బిట్టు ఉత్తమము. కాని పైకి లాగు క్రిందిభాగము పైపొరను పూర్తిగ దాటి దిగునంత లోతుగ మొదటి కోత ఉండనిచో, అదియు పైపొరను చీల్చక మానదు.

ఇక బిట్టును నడుపు వేగము. రెండంచుల బిట్టు నిమిషమునకు తిరుగు 18,000 చుట్లలో 36,000 సార్లు పలకను కొరుకును. ఆ నిమిషములో దానిని 5.4 మీటర్లు నడిపినచో ఒక్కొక్క కొరుకునకు 0.15 మిల్లీమీటరు తెగును. పలక చెడునేమో యను భయముతో నడక మందగించినచో అంచు కోయుట మాని రాయుటకు దొరకొనును. రాపిడి వేడిని పుట్టించును. వేడి పదునును హరించును. యంత్రము నిలిచిన పిదప ప్లైవుడ్డు పొట్టును అరచేత పోసికొని చూడుడు: సన్నని తునుకలుగ నున్నచో కోత సరియైనది, పిండివలె రాలి, మాడిన జిగురు వాసన కొట్టినచో బిట్టు మొరపెట్టుకొనుచున్నదని యెరుగవలెను. ఆక్రిలిక్ మరింత సుకుమారము. వేడికి కరగి తెగినచోటనే మరల అతుకుకొనును గనుక, పొట్టు వడిగ వెలికిపోవునట్లు విశాలమైన గాడి గల ఒంటియంచు బిట్టు దానికి తగును.

బిట్టు కొలతయు ఉపేక్షింపరానిది. వెలికి చొచ్చియున్న పొడవు రెట్టింపైనచో అదే బలమునకు వంపు 8 రెట్లగును. లావు సగమైనచో 16 రెట్లగును. కావున పనికి చాలినంత పొట్టిదియు, కోయవలసిన గాడి అనుమతించినంత లావుదియు ఎన్నుకొనుట వివేకము.

పిల్లవాని చదువుబల్ల అంచున వ్రేలు రాచినపుడు చీలిక గుచ్చుకొనకున్నచో, దాని వెనుక ఒక పనివాడు బిట్లపెట్టె ముందు నిలిచి, ఒకటి తీసి, వెలుతురున అంచు పరీక్షించి, దానిని మరల నుంచి వేరొకటి గైకొనిన కొద్ది నిమిషములు కలవు. సానరాతి ముందు కూర్చుండిన తాతకును, బిట్లపెట్టె ముందు నిలిచిన ఈ మనుమనికిని పనిముట్లు వేరైనను శ్రద్ధ యొక్కటియే.