సిద్ధార్థుడూ, దొర బడీ

మా బి.కొత్తకోట దగ్గరి కొండకు ఏనుగుమల్లమ్మ కొండ అని పేరు. కడప కలెక్టరు హార్స్‌లీ అక్కడ బంగళా కట్టుకొన్నాడు. లోకానికి అది హార్స్‌లీ కొండ అయింది. ఆ కొండ కనిపించే బడిలోనే ఒకనాడు దామెర్ల రామారావు గారి 'సిద్ధార్థ రాగోదయం' చిత్రం ప్రతిని విద్యార్థుల ముందుంచాను. ఒకడు, "బుద్ధుడు మనవాడే గాని, గీత దొరది గదా, సార్!" అన్నాడు. నవ్వి ఊరుకోదగిన మాట కాదిది.

1897లో రాజమండ్రిలో పుట్టిన రామారావు ప్రతిభను గుర్తించినవాడు అక్కడి కళాశాల ప్రిన్సిపాలు కూల్డ్రే. చదివింది బొంబాయి జె.జె. కళాశాలలో. గురువు దొర, బడి దొరది. నిజమే. రైలూ అచ్చుయంత్రమూ కూడా దొరల అవసరానికి వచ్చినవే. అయినా వాళ్ల చేతిలోనే ఉండిపోలేదు.

అసలు ఆనాటికి బుద్ధుడు మన చేతికి ఎట్లా వచ్చాడు? 1797లో మెకంజీ అమరావతి స్తూపం చూశాడు. అంతకుముందే వాసిరెడ్డి జమీందారు పనివాళ్లు కట్టడాల కోసం ఆ రాళ్లు పెరికారు. ఇది కూడా మరువరాదు. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరి, 1859లో లండనుకు ఓడ ఎక్కాయి. నేటికీ బ్రిటిష్ మ్యూజియంలోనే ఉన్నాయి. 1879లో ఎడ్విన్ ఆర్నాల్డ్ ఇంగ్లీషులో బుద్ధుని కథను కావ్యంగా రాయగా, దాని ఆధారంతో తిరుపతి వేంకటకవులు తెలుగులో బుద్ధచరిత్రము పాడారు. రాళ్లు తీసుకొనిపోయి పుస్తకం పంపారన్నమాట! ఇటువంటి చరిత్రలో మచ్చలేని స్వదేశీ గీత కోసం వెతకడం భ్రమ.

రామారావు ఆ భ్రమలో పడలేదు. వంగ చిత్రకారుల మంచుతెర రంగులను అనుకరించలేదు. ఎదుట మనిషిని నిలిపి గీయడం బొంబాయిలో నేర్చుకొన్నాడు; ఆ నేర్పుతో మన మనుషుల దేహాలకు బరువూ నిలకడా ఇచ్చాడు. పాలితుడి శరీరాన్ని వింతవస్తువుగా గాక సౌందర్యంగా చూపడం ఆ కాలంలో చిన్న పని కాదు.

అయితే మెచ్చుకొని ఆగిపోతే విమర్శ కాదు. చిత్రకారుడు ఎంచుకొన్నది రాగోదయ క్షణం. ముసలివాడూ, రోగీ, శవమూ సిద్ధార్థునికి ఇంకా ఎదురుకాలేదు. 1919 జలియన్‌వాలా బాగ్, 1921 చీరాల-పేరాల ఉద్యానం గోడ అవతలే ఉండిపోయాయి. ఆ గోడ దాటే వ్యవధి అతనికి లేకపోయింది. 1925లో, 28 ఏళ్లయినా నిండకముందే, మశూచి అతన్ని పొట్టన పెట్టుకొన్నది.

అందుచేత ఆ కుర్రవాడికి ఇట్లా చెప్పాను: గీత ఎవరి బడిదో అడుగు, తప్పులేదు. ఆ గీత ఎక్కడ ఆగిపోయిందో కూడా అడుగు. అక్కడినుంచి నడవవలసింది నువ్వే.