పట్టాల మీద వాచకం

సికింద్రాబాద్. స్టేషన్ పసుపు బోర్డు మీద నల్లటి అక్షరాల్లో ఈ పేరును ఒక్కసారి తీరిగ్గా చూడండి. మొదట పక్కపక్కనే రెండు గుళ్లు: సి, కిం. రెండో గుడి వాకిట్లో ఒక సున్న. ఆ వెంటనే రెండు దీర్ఘాలు: ద్రా, బా. చివర పొల్లు. ద కింద ఒదిగిన క్రావడి ఒక్కటే ఈ వరసను కాస్త చెదరగొడుతుంది. నా కన్ను ఆగేది అక్కడే. చెవికీ లోటు లేదు: ఒక యగణం, దాని మీద ఇంకో గురువు. మూడో నిజాం సికందర్ జా పేరు ఊరికి 1806లో వచ్చింది, రైల్వే స్టేషన్ 1874లో వచ్చింది. చరిత్ర సంగతి సరే, నన్ను నిలబెట్టేసేది మాత్రం ఆ రాత.

బడి లెక్కన ఈ మాట చదవాలంటే అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు అన్నీ దాటాలి. తల, వల, పలక అంటూ సరళ పదాలు అయ్యాక, సంయుక్తాక్షరాలు ఎప్పటికో. ఇక్కడి నాలుగేళ్ల పిల్ల అంతకాలం ఆగదు. అమ్మ చంకలోంచే వేలు చూపించి పేరు చెప్పేస్తుంది. మొహం చూసి మనిషిని పోల్చుకున్నట్టు మాటను పోల్చుకుంటుంది. అక్షరాలు విడివిడిగా తెలియకముందే మాటను మొత్తంగా గుర్తుపట్టడం చదువులో తొలి దశ అని 1985లో మనస్తత్వవేత్త ఊటా ఫ్రిత్ చెప్పింది.

ఇంగ్లీషు మీడియం బడుల్లో ఈ గుర్తుపట్టడాన్నే కార్డులు పెట్టి సాధన చేయిస్తారు. వాటికి సైట్ వర్డ్స్ అని పేరు. ఎడ్వర్డ్ డోల్చ్ 1936లో ఏర్చి కూర్చిన 220 మాటల పట్టిక అందులో పేరున్నది. వాళ్ల అవసరం వాళ్లది: ఇంగ్లీషులో రాసేదొకటి, పలికేదొకటి. విచిత్రమేమంటే ఆ 220లో ఒక్క నామవాచకమూ లేదు, ఎక్కువగా వాక్యాన్ని కట్టిపట్టే చిన్న మాటలే. మన దగ్గర ఆ పనిలో సగం లో, కి, తో చేసిపెడతాయి. అవి కార్డు మీద ఒంటరిగా నిలబడవు, వచ్చి పేరుకే అతుక్కుంటాయి. అందుకే తెలుగు పిల్లకు చూడగానే తెలిసే మాటలంటే ముందు పేర్లే అని నా పక్షపాతం. తెల్లకార్డులు వల్లె వేయించే టీచర్ల మీద నాకు కోపమేమీ లేదు. రుచి మాత్రం అక్కడ లేదు.

రుచంతా 2003లో మొదలైన ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో, లింగంపల్లి వైపు కిటికీ పక్క సీట్లో ఉంది. సికింద్రాబాద్ దాటగానే జేమ్స్ స్ట్రీట్. ఆహా, ఆ స్ట్రీ! స కింద ట వత్తు, ఆపైన క్రావడి, నెత్తిన గుడిదీర్ఘం. ఒక్క అక్షరం చోట మూడు హల్లులు ఇరుక్కుని కూర్చున్నాయి. తర్వాత సంజీవయ్య పార్క్: య కింద దాని వత్తే. బేగంపేటలో రెండు ఏత్వాలు, మధ్యలో ఊపిరి తీసుకోవడానికన్నట్టు ఒక సున్న. ఇంత సొగసైన ఒకటో తరగతి వాచకం ఏ పంతులు రాయగలడు?

ఇదే పిల్లను ఇంకో రోజు నాంపల్లి రైల్వే స్టేషన్‌కు తీసుకెళితే, అక్కడి బోర్డు మీద హైదరాబాద్ చూసి "సికింద్రాబాద్!" అని కేక పెడుతుంది. బాద్ అన్న తోకను కన్ను పట్టేసింది మరి. తప్పే, ఎంత ముద్దొచ్చే తప్పు! "మంచిగ చూడు బిడ్డా, ముందు ఏమున్నది?" అని అమ్మ అడుగుతుంది. పిల్ల చూపు వెనక్కి జరుగుతుంది. హ నెత్తిన ఒక ముక్క, పాదం దగ్గర ఇంకో ముక్క, రెండూ కలిస్తే ఐత్వం. ఆ కింది ముక్క సికింద్రాబాద్‌లో లేదు.