నాణెము రెండు వైపులు – పేర్ల చిక్కు

ఆటకు ముందు నాణెము నెగురవేసి “బొమ్మా, బొరుసా?” అని అడుగుట అందరెరిగినదే. గణితమున సంభావ్యతా పాఠమును ఈ జంట పదములనే వాడుచున్నది. బిడ్డలకు ఇంటనే తెలిసిన మాటలను విడువక పాఠ్యగ్రంథ కర్తలు మంచిపని చేసిరి. అయితే ఒక లోపము కలదు. పదములు తెలుగువి, వాని గుర్తులు మాత్రము ఇంగ్లీషు అక్షరములైన హెచ్, టి. బొమ్మకు హెచ్ ఏల గుర్తైనదో విద్యార్థికి తోచదు. పోనీ, తెలుగు తొలి అక్షరములను వాడుదమన్న రెండింటికిని ‘బొ’యే మొదలు! బొమ్మకు ‘మ’, బొరుసునకు ‘సు’ అని కడపటి అక్షరములను గైకొన్నచో చిక్కు తీరును. రెండు నాణెముల నెగురవేసినపుడు మమ, మసు, సుమ, సుసు అను నాలుగు ఫలితములను విద్యార్థి తడబడక వ్రాయగలడు.

ఇంతకంటె పెద్ద చిక్కు చరిత్ర పాఠమున గలదు. సంభావ్యతకు కావలసినది రెండు వైపులను వేరుపరచుట మాత్రమే. పేర్లు తారుమారైనను లెక్క చెడదు. నాణెముల శాస్త్రమున అట్లు కాదు. అచ్చట ఏ ముద్ర ఏ వైపున నున్నదో చెప్పనిదే సాక్ష్యము నిలువదు. ‘బొమ్మ’ యను మాట ఇందుకు చాలదు. 1950 ఆగస్టు 15న వెలువడిన గణతంత్ర భారత నాణెములపై ఆంగ్లరాజు తలకు బదులు అశోకుని సింహశీర్షము వచ్చినది. ఆ రూపాయికి రెండవ వైపున ధాన్యపు కంకులుండెను. రెండును బొమ్మలే గదా!

నాసిక్ ప్రాంతమందలి జోగల్‌తంబిలో 1906లో దొరకిన నిధిని చూడుడు. అందు క్షహరాత రాజైన నహపానుని వెండి నాణెములు 13,000కు పైగా ఉండెను. వానిలో 9,000కు పైబడిన వానిపై శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రలను మరల కొట్టించెను. నహపానునివి ఒకవైపు తల, ఒకవైపు బాణము, వజ్రాయుధము. శాతకర్ణివి చైత్యము, ఉజ్జయినీ చిహ్నము. నహపానుని పరాజయమునకు ఇవి గట్టి ఆధారములు. క్రింది ముద్ర ఏది, పై ముద్ర ఏది, తలమీద పడిన చిహ్నమేది అని తెలుపుటకు ‘బొమ్మ, బొరుసు’ ఏమాత్రము ఉపకరింపవు.

కొందరు ఒక వైపునే ‘ముఖము’ అందురు. కాని రేఖాగణితమున ఘనమునకు ఆరు ముఖములని చదివిన విద్యార్థికి నాణెము రెండు వైపులును ముఖములే. కావున చరిత్ర పాఠమునకు ‘ముందువైపు, వెనుకవైపు’ అను తేట మాటలు మేలు. పాలకుని రూపమో, రాజ్యచిహ్నమో ఉన్నది ముందువైపని మొదటనే చెప్పవలెను. నేటి రూపాయిపై సింహశీర్షము గలది ముందువైపు, విలువ తెలుపు అంకె గలది వెనుకవైపు. తరగతిలో ఒక రూపాయిని చేతికిచ్చి, ఈ మాటలతో రెండు వైపులను వర్ణించి వ్రాయుమన్నచో, విద్యార్థి పురాతన నాణెమును సైతము చదువుట నేర్చును.