వారసత్వంగా వచ్చిన సెన్సారు

వలసవాదుల సెన్సారును ఖండించడం మనకెప్పుడూ కష్టం కాలేదు. దక్షిణాఫ్రికా జాత్యహంకార ప్రభుత్వం 1977 అక్టోబర్ 19న 'ది వరల్డ్' పత్రికను మూసేసి, సంపాదకుడు పెర్సీ కొబోజాను నిర్బంధించినప్పుడు ఎవరి పక్షాన నిలబడాలో అభ్యుదయ రచయితకు సందేహం లేదు. చిక్కంతా తర్వాత వస్తుంది. విముక్తి పోరాటం గెలిచి అధికారంలోకి వచ్చిన 'మనవాళ్లే' పత్రిక మీద చెయ్యి వేస్తే మన విమర్శ గొంతు ఎందుకు తగ్గుతుంది? ఈ ప్రశ్నను జింబాబ్వే చరిత్ర ముందు పెట్టి చూడాలి.

ఆ దేశం రొడీషియాగా ఉన్నప్పుడు, 1964లో, ఇయాన్ స్మిత్ ప్రభుత్వం నల్లజాతి పాఠకుల పత్రిక 'డైలీ న్యూస్'ను నిషేధించింది. 1965 నవంబర్‌లో శ్వేతజాతి పాలకులు ఏకపక్షంగా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాక తెల్లవాళ్ల పత్రికలకూ సెన్సారు తప్పలేదు. 'రొడీషియా హెరాల్డ్' కత్తిరించిన వార్తల చోటును ఖాళీగా వదిలి అచ్చువేసింది. తర్వాత ఆ ఖాళీని కూడా నిషేధించారు. 1975 ఎమర్జెన్సీలో సంపాదకీయం స్థలాన్ని తెల్లగా వదిలిన మన దేశపు పత్రికలకు ఎదురైందీ ఇదే.

అంతమాత్రాన హెరాల్డ్‌ను స్వేచ్ఛకు ప్రతీకగా నిలబెట్టనక్కర లేదు. దాని వెనక ఉన్నది గనుల పెట్టుబడితో ముడిపడిన దక్షిణాఫ్రికా ఆర్గస్ కంపెనీ. ఆ పేజీల్లో నల్లజాతి రైతుకూ గని కార్మికుడికీ దక్కిన చోటెంతో చెప్పనక్కర లేదు. కనుక 1980లో స్వాతంత్ర్యం వచ్చాక, 1981లో నైజీరియా ఇచ్చిన డబ్బుతో ఆర్గస్ వాటాలు కొని మాస్ మీడియా ట్రస్టు ఏర్పరచడం తప్పని నేననను. జరగవలసిన పనే అది. ట్రస్టుకూ మంత్రివర్గానికీ మధ్య ఉండవలసిన గోడ మాత్రం లేచినట్టే లేచి కూలిపోయింది. 1988లో బులవాయోలోని 'క్రానికల్', అదీ ఈ ట్రస్టు కిందిదే, మంత్రులు ఫ్యాక్టరీ నుంచి నియంత్రిత ధరకు కార్లు తీసుకుని లాభానికి అమ్ముకుంటున్నారని బయటపెట్టింది. విచారణ సంఘం వేశారు. మంత్రులు రాజీనామాలు ఇచ్చారు. సంపాదకుడు జెఫ్రీ న్యరోటాకు 'ప్రమోషన్' వచ్చింది: పత్రిక నుంచి తీసి హరారేలో ప్రజాసంబంధాల ఉద్యోగంలో కూర్చోబెట్టారు. (ప్రశ్నించే మాస్టారికి బదిలీ ఉత్తర్వు ఎంత మర్యాదైన భాషలో వస్తుందో ఉపాధ్యాయులకు వేరే చెప్పాలా!)

సాహిత్యం సంగతి. డంబుద్జో మరెచెరా 1978లో 'హౌస్ ఆఫ్ హంగర్' రాసి, మరుసటి ఏడు ఇంగ్లండులో గార్డియన్ బహుమతి పొందాడు. 1980లో వచ్చిన అతని నవల 'బ్లాక్ సన్‌లైట్'ను 1981లో స్వతంత్ర జింబాబ్వే అశ్లీలం పేరుతో నిషేధించింది. సెన్సారు బోర్డు చేతిలో ఉన్న చట్టం 1967 నాటిది, స్మిత్ హయాంలో పుట్టినది. నిషేధం మరుసటి ఏడే ఎత్తేశారు. నిషేధించిన అధికారం అలాగే ఉంది. మరెచెరా జాతి నిర్మాణానికి పనికిరాడని, యూరప్ ఆధునికవాదాన్ని అరువు తెచ్చుకున్నాడని అన్నవారున్నారు. నాకూ ఆ నవల పూర్తిగా నచ్చదు. దాని ముక్కలుముక్కల శిల్పం చాలాచోట్ల పాఠకుణ్ణి బయటికి నెట్టేస్తుంది, హింసకు మూలమైన సామాజిక సంబంధాలు ఆ పొగలో కనబడకుండా పోతాయి. అయితే ఈ మాట చెప్పడం విమర్శకుడి పని. బోర్డు పుస్తకాన్ని అంగట్లోంచి తీసేశాక నేను చేసే విమర్శ విమర్శగా మిగలదు, నిషేధానికి సాక్ష్యం అవుతుంది. శిల్పం మీదా దృక్పథం మీదా కటువుగా మాట్లాడగలగాలంటే ముందు ఆ పుస్తకం పాఠకుడి చేతిలో ఉండాలి.

మలావీలో ఇది ఇంకా దారుణం. హేస్టింగ్స్ బండా ఏలుబడిలో కవి జాక్ మపాంజేను 1987 సెప్టెంబర్‌లో అరెస్టు చేసి, ఏ నేరమూ మోపకుండా మూడేళ్ల ఏడు నెలలు మికుయు జైల్లో ఉంచారు. అతని 1981 నాటి సంపుటి పేరులోనే ఊసరవెల్లులున్నాయి. అతని కవిత్వంలోని మరుగు భాషను, జానపద ప్రతీకలను శిల్ప చమత్కారంగా మెచ్చుకుని ఊరుకుంటే సగమే చదివినట్టు. మాటను మారువేషంలో పంపక తప్పని దేశంలో అస్పష్టతకు ఒక చరిత్ర ఉంటుంది. ప్రతీకల గురించి పరీక్షల్లో వ్యాసాలు రాసే విద్యార్థులు ఈ సంగతి పట్టించుకోవాలి.

1991 మే 3న నమీబియా రాజధాని విండ్‌హుక్‌లో సమావేశమైన ఆఫ్రికా పత్రికా రచయితలు ఒక ప్రకటన చేశారు. అప్పటికి కనీసం 17 మంది పత్రికల వాళ్లు ఆఫ్రికా జైళ్లలో ఉన్నారని, 1969-1990 మధ్య 48 మంది పాత్రికేయులు వృత్తిలో ఉండగా హతులయ్యారని అందులో ఉంది. మపాంజే విడుదలైందీ ఆ నెలలోనే. ఆ ప్రకటనలో నాకు ముఖ్యంగా తోచింది మరొకటి: స్వతంత్ర పత్రిక అంటే ప్రభుత్వ, రాజకీయ, ఆర్థిక పెత్తనం నుంచే కాక, అచ్చుకూ పంపిణీకీ కావలసిన సామగ్రి మీది పెత్తనం నుంచి కూడా స్వతంత్రమైనది. హక్కును గాలిలో వదలకుండా కాగితం దాకా, అచ్చుయంత్రం దాకా తెచ్చారు.

ఆ మాట ఎంత నిజమో న్యరోటా మళ్లీ చూపించాడు. 1999లో అతని సంపాదకత్వంలో పాత పేరుతోనే 'డైలీ న్యూస్' వచ్చింది. 2001 జనవరిలో దాని అచ్చుయంత్రాన్ని బాంబులతో పేల్చారు. 2002లో ముగాబే ప్రభుత్వం పత్రికలూ పాత్రికేయులూ కమిషన్ దగ్గర నమోదు కావాలని చట్టం తెచ్చింది. పత్రిక నమోదు కాకుండా ఆ చట్టాన్నే కోర్టులో సవాలు చేసింది. ముందు చట్టానికి లోబడి, తర్వాత రమ్మంది సుప్రీంకోర్టు. 2003 సెప్టెంబర్‌లో పోలీసులు పత్రికను మూయించారు.

ఇవన్నీ రాస్తే సామ్రాజ్యవాదులకు ఆయుధం ఇచ్చినట్టవుతుందని మనలో కొందరు మిత్రులంటారు. భూములు పోగొట్టుకున్న తెల్ల కామందుల పక్షాన లండన్ పత్రికలు ముగాబేను తిట్టిపోసిన మాట నిజమే. కానీ కార్ల కుంభకోణం రాసింది లండన్ పత్రిక కాదు, బులవాయోలోని ప్రభుత్వ ట్రస్టు పత్రిక. చదివింది ఆ ఊరి జనం. 2002 చట్టం 2020లో రద్దయింది. మూడేళ్లకే, 2023లో, సార్వభౌమత్వానికీ జాతీయ ప్రయోజనాలకూ ఉద్దేశపూర్వకంగా హాని చెయ్యడమనే కొత్త నేరం శిక్షాస్మృతిలో చేరింది.