ఒడ్డున మిగిలిన ఆడవాళ్లు

పీహెచ్‌డీ అయ్యాక భీమిలికి వచ్చి స్థిరపడ్డాను. విశాఖపట్నానికి పాతిక కిలోమీటర్లు. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, డచ్చివాళ్ల సమాధులు, 1861లోనే మునిసిపాలిటీ అయిన పాత ఊరు. ఇప్పుడు విశాఖ కార్పొరేషన్‌లో భాగం. "అదృష్టవంతురాలివే, సముద్రం చూస్తూ బోలెడు రాసుకోవచ్చు" అంటారు స్నేహితురాళ్లు. ఆ మాటలో ఈర్ష్య లేదు గానీ ఒక అలవాటుంది. సముద్రమంటే చూసేది, చూసి పొంగిపోయేది అని. ఈ అలవాటు మనకి సాహిత్యం నేర్పిందే. అందుకే పాత పుస్తకాలు కొన్నిటిని ఇక్కడ కూర్చుని మళ్లీ చదవాలనిపించింది.

కేట్ షోపాన్ 1899లో రాసిన 'ది అవేకెనింగ్' మన యూనివర్సిటీల్లో స్త్రీవాద సాహిత్యం చదివినవాళ్లకి పరిచయమే. న్యూ ఆర్లీన్స్ నగరానికి దక్షిణంగా, సముద్రంలో గ్రాండ్ ఐల్. వేసవిలో భార్యాపిల్లలు అక్కడుంటే భర్తలు వారాంతాల్లో వచ్చిపోతుంటారు. ఎడ్నాకి ఈత రావడం, ఒంటరిగా దూరం వెళ్లగలగడం, తన శరీరం తనదేనని తెలియడం ఎప్పుడు చదివినా ఒళ్లు పులకరిస్తుంది. చివరికి ఆ సముద్రంలోకే వెళ్లిపోతుంది. అది విజయమా, ఓటమా అని ఏళ్ల తరబడి చర్చించుకున్నాం. ఈ ఊళ్లో ఉంటుంటే నా ప్రశ్న మారింది. ఎడ్నా నీళ్లలో ఉన్నంతసేపూ ఆమె పిల్లల్ని ఎవరు చూశారు? నవలలో జవాబుంది. ఒక మిశ్రమజాతి ఆయా. ఆమెకి పేరు లేదు. మదామ్ లెబ్రాన్ కుడుతుంటే కింద కూర్చుని కుట్టుమిషన్ తొక్కుడుపలకని చేతుల్తో ఆడించే నల్లపిల్లకీ పేరు లేదు. షోపాన్ వీళ్లని దాచలేదు, చూపించింది. అయితే చూపించి వదిలేసింది.

ఇంకొకటి. ఎడ్నా అలిసిపోయి నిద్రపోయిన మదామ్ ఆంట్వాన్ ఇల్లు షెనియేర్ కమినాడా అనే బెస్త పల్లెలోది. 1893 అక్టోబర్ తుఫానులో ఆ పల్లె తుడిచిపెట్టుకుపోయింది. ఆ తుఫానుకి దాదాపు 2,000 మంది బలయ్యారు. అంటే నవల అచ్చయ్యేనాటికే ఆ ఊరు లేదు. ఎడ్నాని లోపలికి పిలిచిన సముద్రం మదామ్ ఆంట్వాన్ లాంటి వాళ్లని అడగకుండానే తీసుకుపోయిందన్నమాట. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ తీరాన్ని తాకింది. అది తెలిసిన ఊళ్లో కూర్చుని చదివితే ఈ సంగతి మామూలు చారిత్రక వివరంలా అనిపించదు.

తకళి శివశంకర పిళ్లై 'చెమ్మీన్' (1956) దీనికి పూర్తిగా తిరగేసిన కథ. ఇక్కడ సముద్రం స్వేచ్ఛ కాదు, కాపలాదారు. ఒడ్డున భార్య పాతివ్రత్యం చెదిరితే నీళ్లమీద భర్త ప్రాణం పోతుందన్న నమ్మకం మీద నవలంతా నడుస్తుంది. కరుత్తమ్మ ప్రేమకి శిక్షగా పళని సుడిగుండంలో మునిగిపోతాడు, కరుత్తమ్మా పరీకుట్టీ శవాలై ఒడ్డుకి కొట్టుకొస్తారు. తకళి ఆ నమ్మకాన్ని విమర్శించాడనేవాళ్లున్నారు. నేనలా అనుకోను. ముగింపులో నమ్మకమే గెలిచింది.

ఇక మన 'మరో చరిత్ర' (1978). విశాఖ, భీమిలి తీరాల్లో బాలచందర్ తీసిన సినిమా. ఇంటికొచ్చిన చుట్టాలు ఇప్పటికీ అది తీసిన చోటు చూపించమంటారు. స్వప్న మీద అత్యాచారం జరిగిందన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు. పాటలూ, అలలూ, చివర ఇద్దరూ సముద్రంలో కలిసిపోవడం గుర్తుంటాయి. సముద్రం ఆ హింసని ఎంత శుభ్రంగా కడిగేసిందో చూడండి.

ముగ్గురు ఆడవాళ్లు, మూడు భాషలు, చివరికి ముగ్గురూ నీళ్లలోనే. ఒకరి పుస్తకం స్త్రీ రాసింది, మిగతా రెండూ మగవాళ్లవి. ఆ తేడా చిన్నది కాదు. ఎడ్నా తన కాళ్లతో తను నడిచి వెళ్లింది. అయినా కథకి ముగింపు దొరకనప్పుడు సముద్రం చేతికందడం మాత్రం ముగ్గురికీ సమానమే.

మా వీధికి నెత్తళ్లు, దొరికినరోజు వంజరం తెచ్చే ఆవిడకి చెమ్మీన్ కథ చెప్పాను. గంప దించుకుని విన్నది. "మేం ఎండలో గంపెట్టుకు తిరిగితే ఊరు సూస్తాది గానీ, సముద్రమెందుకు సూస్తాదమ్మా? దానికేటి పని?" అంది. తర్వాత, "ఆ పాపనెవులు పెంచినారు?" అని అడిగింది.

సినిమా గురించీ నవల గురించీ నేను చదివిన వ్యాసాల్లో ఈ ప్రశ్న నాకు తగల్లేదు. కరుత్తమ్మ బిడ్డని ఎత్తుకుని ఒడ్డున ఏడుస్తూ నిలబడింది ఆమె చెల్లెలు పంచమి. నవల అక్కడ ఆగిపోతుంది. పంచమి ఆ రాత్రి బిడ్డకి ఏం పట్టిందో, ఎప్పటికి చేపల గంప ఎత్తుకుందో రాయడానికి తకళికి అవసరం కలగలేదు. విషాదానికి మరణం చాలు. పెంపకం విషాదంగా పనికిరాదు, అది పని.

'ది అవేకెనింగ్'లో కూడా అలాంటి పిల్ల ఉంది, మరికీటా. చెప్పుల్లేని కాళ్లు, చేతిలో రొయ్యల బుట్ట. పడవలో ఎడ్నా ఆ కాళ్లకేసి చూస్తుంది. వేళ్ల సందున ఇసుకా బురదా కనిపిస్తాయి. ఆఖరి అధ్యాయంలో సముద్రంలోకి వెళ్లేముందు ఎడ్నా, భోజనంలోకి చేప ఉంటే బాగుండునంటుంది. అప్పుడక్కడ విక్టర్ పక్కన మరికీటా ఉంది. ఎడ్నా ఇక రాదని వాళ్లకి తెలియదు. ఆ సాయంత్రం ఆమె కోసం చేప వండి ఎదురుచూశారా, లేదా? దాన్ని మరికీటా చెప్పగా వినాలని నాకుంది.