గుర్రం కాలికి గట్టు మీది ఆకు

గుర్రానికి ముందుకాలి మోకాలి కింద కండ ఉండదు. ఎముక, స్నాయువులు, వాటి మీద బిగుతుగా పరుచుకున్న తోలు, అంతే. మెడ మీదో తొడ మీదో తెగితే చుట్టుపక్కల తోలు జరిగి వచ్చి గాయాన్ని మూసేస్తుంది. కాలి దగ్గర అలా జరిగి రావడానికి మిగులు తోలు లేదు. నేలకు దగ్గర గనక దుమ్ము, పేడ, ఈగలు ఎప్పుడూ ఉంటాయి. అడుగు వేసినప్పుడల్లా ఆ చోటు కదిలి, కట్టిన పొర చిట్లుతుంది. వీటన్నిటికీ మించి గుర్రానికి ఇంకో చిక్కు ఉంది. కాలి పుండులో కొత్త కండ అవసరానికి మించి పెరిగి గోబీపువ్వులా పైకి పొంగుతుంది. దాన్ని దుర్మాంసం అంటారు. అది పొంగాక అంచుల నుంచి వచ్చే కొత్త తోలు దాన్ని ఎక్కి దాటలేదు. పొట్టి జాతి గుర్రాల్లో ఈ బాధ తక్కువ, పెద్ద గుర్రాల్లో ఎక్కువ. నాటువైద్యానికి ఇంతకన్నా కఠినమైన పరీక్ష లేదని నా నమ్మకం.

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతంలో పశువు కాలు తెగడానికి కారణాలు వెతకనక్కర్లేదు. కత్తిలా పదునున్న పలకరాయి చెక్కలు, చేల చుట్టూ ముళ్లకంచెలు, ఎటు చూసినా సర్కారు తుమ్మ. గుర్రాలు మాత్రం ఇప్పుడు పెళ్లి ఊరేగింపుల్లో తప్ప పెద్దగా కనిపించవు. 2019 పశుగణన ప్రకారం దేశం మొత్తం మీద గుర్రాలు 3.4 లక్షలు, గాడిదలు 1.2 లక్షలు. అంతకు ముందు లెక్కలు తీసిన 2012తో పోలిస్తే గుర్రాలు దాదాపు సగానికి పడిపోయాయి, గాడిదలు మూడింట రెండు వంతుల దాకా తగ్గాయి. అయినా కాలి పుండు వైద్యం ఈ నేల మీద చెరిగిపోలేదు. ఎద్దుల్ని, గొర్రెల్ని కాచేవాళ్ల చేతుల్లో బతికే ఉంది.

దీని వేర్లు చాలా లోతు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండ మీద అశోకుడి శాసనాలున్నాయి. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశాననీ, మందు మొక్కలు లేనిచోట తెప్పించి నాటించాననీ వాటిలో రాయించాడు. గుర్రాల కోసం సంస్కృతంలో శాలిహోత్రుడి పేరిట ఒక శాస్త్రమే వెలిసింది. తెలుగులో మనుమంచి భట్టు హయలక్షణసారము రాశాడు. సముద్రం మీదుగా వచ్చే గుర్రాలకు విజయనగర రాజులు పోసిన డబ్బు తలుచుకుంటే, ఆ గుర్రాల కాళ్లు కాపాడటం ఎంత పెద్ద పనో అర్థమవుతుంది.

అసలు వైద్యం కడగడంతో మొదలవుతుంది. మందు గురించి అడిగేవాళ్లే గాని కడగడం గురించి అడిగేవాళ్లు తక్కువ. లీటరు నీళ్లు మరగబెట్టి, తొమ్మిది గ్రాముల ఉప్పు వేసి, గోరువెచ్చగా చల్లార్చి, ధారగా పోయాలి. ఆ పాళ్లలో ఉప్పునీరు ఒంట్లోని ద్రవాలతో సమానమైన ఉప్పదనంతో ఉంటుంది గనక పచ్చి కండ మండదు. రుద్దకూడదు. ధారకే మట్టి, వెంట్రుకలు కొట్టుకుపోవాలి. ఉప్పునీళ్ల తర్వాత వేపాకు కషాయం పోస్తారు, లేదా మర్రి, రావి, మేడి బెరళ్లు కాచిన నీళ్లు. తుమ్మ బెరడు, తంగేడు బెరడు కూడా ఈ కోవలోవే. ఇవన్నీ వగరు. తోళ్లు పదును చేసేవాళ్లు ఈ తుమ్మ, తంగేడు బెరళ్లనే ఎందుకు వాడతారో, పుండుకూ అందుకే పనికొస్తాయి. వాటిలోని టానిన్లు పైపొర మాంసకృత్తుల్ని బిగించి, రసి కారడాన్ని తగ్గిస్తాయి.

చిన్న గాయమై నెత్తురు చిమ్ముతుంటే గడ్డిచామంతి ఆకు నలిపి పసరు పిండుతారు. గాయపాకని పిలిచేది దాన్నే. పురుగులు పడితే సీతాఫలం ఆకు నూరి ముద్ద పెడతారు. నల్లమల అంచున సీతాఫలం చెట్టుకు కరువు లేదు. ఈ రెండు మొక్కలూ అమెరికా ఖండం నుంచి వచ్చినవే. అంటే మన పశువైద్యం పెద్దలు చెప్పిందే వల్లిస్తూ కూర్చోలేదు. గట్టు మీద కొత్త మొక్క మొలిస్తే నలిపి చూసింది, పనిచేస్తే చేర్చుకుంది. ఈ సంప్రదాయం విలువంతా నాకు ఆ పరీక్షించే గుణంలోనే కనిపిస్తుంది.

జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థ పశువుల పుండ్లకు ప్రచారం చేస్తున్న మందు కూడా పల్లె జ్ఞానం నుంచి తీసుకున్నదే. కుప్పింటాకు, వేపాకు, గోరింటాకు, తులసి తలా గుప్పెడు, పది వెల్లుల్లి రెబ్బలు, 20 గ్రాముల పసుపు కలిపి నూరి, నువ్వుల నూనెలోనో కొబ్బరి నూనెలోనో కాచి చల్లార్చాలి. పుండు శుభ్రం చేసి రాయాలి. పురుగులుంటే మొదటిరోజు మాత్రం సీతాఫలం ఆకు ముద్ద, లేదా కర్పూరం కలిపిన కొబ్బరి నూనె. ఇది ఆవుకూ ఎద్దుకూ చెప్పిన మందు. గుర్రానికి రాస్తే నాక్కుండా చూడాలి, వెల్లుల్లి ఎక్కువగా కడుపులోకి పోతే గుర్రానికి రక్తహీనత వస్తుంది.

నల్లమల చెంచులు దించే తేనె కూడా గొప్ప మందే. తేనె పుండులోని తేమను లాగేస్తుంది, దాని పులుపు గుణం సూక్ష్మజీవుల్ని ఎదగనివ్వదు. సిడ్నీ విశ్వవిద్యాలయం పరిశోధకులు గుర్రాల కాలి గాయాల మీద న్యూజిలాండ్ మనూకా తేనె పరీక్షించినప్పుడు, మొదటి రోజుల్లో గాయం విచ్చుకుపోవడం తగ్గింది. అయితే సీసాలో నెలల తరబడి మూత తీసి పెట్టిన తేనె, బెల్లప్పాకం కలిపిన తేనె పుండుకు పనికిరావు.

ఇక్కడే గుర్రానికీ ఎద్దుకూ వైద్యం వేరవుతుంది. నూనె, తేనె, కట్టు మొదటి రోజుల మందులు. పుండు అడుగు నుంచి నిండి, ఎర్రటి కండ తోలుతో సమానంగా వచ్చిందంటే నూనె మానేయాలి, కట్టు వదులు చేయాలి. ఎక్కువ రోజులు బిగించి కడితే గుర్రం కాలిలో దుర్మాంసం ఇంకా పెరుగుతుంది. అప్పటి నుంచి వగరు కషాయాలు, గాలి. దుర్మాంసం పొంగాక మైలుతుత్తం చల్లడం పాత పద్ధతి. అది చెడు కండతోపాటు అంచున వస్తున్న కొత్త తోలునూ కాల్చేస్తుంది, కాబట్టి నేను ఒప్పుకోను. డాక్టరు కత్తితో సమంగా కోస్తే, ఆ కండలో నరాలు లేవు గనక గుర్రానికి నొప్పి తెలియదు, నెత్తురు మాత్రం బాగా కారుతుంది.

వదిలేయాల్సినవి ఇంకా ఉన్నాయి. కుంటుతున్న కాలికి వాతలు పెట్టడం పశువును హింసించడమే, దానివల్ల ఏ పుండూ మానదు. పేడ, మట్టి పూయడం అంతకంటే ప్రమాదం. ధనుర్వాతం తెచ్చే క్రిమి ఉండేది వాటిలోనే, పెంపుడు జంతువులన్నిటిలో ఆ జబ్బుకు తొందరగా లొంగేది గుర్రమే. ఏ ఆకు కట్టినా, కట్టకపోయినా ధనుర్వాతం టీకా వేయించి తీరాలి. నల్లజీడి రసం తోలును బొబ్బలెక్కిస్తుంది, దాన్నీ దగ్గరికి రానివ్వకూడదు.

గాయం మోకాలి మీదో గిట్టపై కీలు మీదో పడి, అందులోంచి జిగటగా పసుపుపచ్చని ద్రవం కారుతుంటే కీలు తెరుచుకుందని అర్థం. అది పసరు పని కాదు. ఆలస్యం చేయకుండా 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవాలి, గంటలు గడిచేకొద్దీ కాలు దక్కే అవకాశం తగ్గిపోతుంది.

రోజూ కట్టు విప్పినప్పుడు వాసన చూడాలి, అంచు చూడాలి. మానుతున్న పుండుకు అంచున సన్నటి లేతగులాబి గీత కనిపిస్తుంది, అదే కొత్త తోలు. ఎన్ని వారాలైనా ఆ గీత ముందుకు జరగక, చిన్న రంధ్రంలోంచి చీము కారుతూనే ఉంటే లోపల ముల్లు విరిగి ఉండాలి, లేదా దెబ్బకు చచ్చిన ఎముక పెచ్చు ఉండాలి. అప్పుడు ఆకు మార్చి చూడటం ఆపి, ఎక్స్‌రే తీయించి, దాన్ని బయటికి లాగించాలి.